సీటు దిగితే సంచి ఎక్కడికి పోతుంది?

పోయినేడు డిసెంబరులో అరకు నుంచి సైకిల్ మీద తిరిగొస్తూ నా రెయిన్ కోటు కుడి చెయ్యిని వెనక టైరుకి తినిపించాను. సుంకరమెట్ట దాటాక కాఫీ తోటల మధ్యకి దిగే ఎర్రమట్టి దారి ఒకటుంది. చుట్టూ సిల్వర్ ఓక్ చెట్లు, వాటికి పాకిన మిరియాల తీగలు, దారి నిండా ఎండుటాకులు, ఆ ఆకుల కింద రాయుందో గుంటుందో కనపడదు. అలాంటి చోట బొటనవేలు దానంతటదే డ్రాపర్ లివర్ మీదకి, అంటే సీటుని దించే మీట మీదకి, పోతుంది. నొక్కాను, సీటు దిగింది, నేను వెనక్కి జరిగాను, అంతే, వెనక నుంచి గర్రుమని చప్పుడు. బ్రేకు పట్టేసిందేమో అనుకున్నాను. ఆ తర్వాత ప్లాస్టిక్ కాలిన వాసన. ఆగి చూస్తే సీటు సంచి అడుగున టైరు గడ్డలు వరసగా అచ్చుపడి ఉన్నాయి, మధ్యలో అరచెయ్యంత చిరుగు, ఆ చిరుగులోంచి కోటు చెయ్యి బయటికొచ్చి చక్రానికి చుట్టుకుని ఉంది. పడలేదు, అదే చాలు. మిగతా దారంతా సంచిని వీపుకి కట్టుకుని దిగాను, ఎస్.కోట వచ్చేసరికి భుజాలు పోయాయి.

ఆ సంచి ఎవరు చేశారో చెప్పను, వాళ్ళ తప్పు సగమే. "డ్రాపర్‌తో వాడుకోవచ్చు" అని వాళ్ళు రాశారు, నేను టేపు పెట్టి కొలవకుండా నమ్మాను.

తెలియనివాళ్ళకి రెండు ముక్కల్లో చెప్తాను. డ్రాపర్ పోస్ట్ అంటే సీటు కింద గొట్టం ఒకదాన్లోకి ఒకటి జారేలా ఉంటుంది, హ్యాండిల్ మీద లివర్ నొక్కి సీటు మీద బరువేస్తే దిగుతుంది, బరువు తీసి మళ్ళీ నొక్కితే లోపలి గాలి ఒత్తిడికి లేస్తుంది. ఆఫీసు కుర్చీ ఎత్తు తగ్గించుకోవడం లాంటిదే, కాకపోతే ఇక్కడ కుర్చీ గుంటల్లో పరిగెడుతూ ఉంటుంది. సీటు సంచి అంటే క్యారియర్ లేకుండా సీటు కింది కమ్మీలకీ ఆ గొట్టానికీ పట్టీలతో బిగించే, వెనక్కి తోకలా పొడుచుకొచ్చే సంచి. అంటే సీటుకీ చక్రానికీ మధ్యనున్న ఒకే ఖాళీ కోసం ఈ రెండూ కొట్టుకుంటాయి.

ఈ కథ విన్న ప్రతివాడూ నాకిచ్చిన సలహా ఒకటే, డ్రాపర్ పీకెయ్. మా గుంపులో అందరికంటే పెద్దాయన ఉన్నాడు, మేమంతా బాబాయ్ అంటాం, మామూలు ఇనప క్యారియర్ మీద గోనెసంచి కట్టుకుని లంబసింగి దాకా వెళ్ళొచ్చిన మనిషి. ఆయనైతే నవ్వేశాడు. "ఘాట్ పైన ఒక్కసారి ఆగు, క్లాంపు వదులు చెయ్యి, సీటు దించు, మళ్ళీ బిగించు. దానికి ఇన్ని వేలు పోసి లిఫ్టు పెట్టించుకోవాలేంట్రా?"

బాబాయ్ చెప్పింది తీసిపారేసే మాట కాదు. మౌంటెన్ బైకులు పుట్టిన రోజుల్లో అందరూ చేసింది అదే. అలా దిగి దిగి విసుగెత్తడం వల్లే, అమెరికాలో జో బ్రీజ్ అనే ఆయన ఇంకొకాయనతో కలిసి 1980లలో హైట్‌రైట్ అని ఒక స్ప్రింగు తయారుచేశాడు, క్లాంపు వదులు చేస్తే సీటు దిగడానికీ మళ్ళీ లేవడానికీ. అంటే దిగి సీటు సర్దుకోవడం వాళ్ళకీ చిరాకే. మన కొండల్లో ఆ చిరాకు రెట్టింపు, ఎందుకంటే పాడేరు వైపైనా అనంతగిరి వైపైనా కొండ ఒకే వాలుగా దిగదు. దిగుతూ దిగుతూ ఒక గెడ్డ (వాగు) దగ్గరకొస్తాం, గెడ్డ దాటగానే మళ్ళీ నిటారుగా ఓ ఎక్కుడు, అది అయ్యీ అవకముందే మళ్ళీ దిగుడు. అలాంటి దారిలో గంటకి ఇరవైసార్లు క్లాంపు తిప్పే ఓపిక బాబాయ్‌కి కూడా లేదు, ఆయన సీటు మధ్యస్తంగా పెట్టుకుని ఎక్కేటప్పుడు మోకాళ్ళని, దిగేటప్పుడు దేవుణ్ణి నమ్ముకుంటాడు.

అసలు నా వాదన ఇక్కడుంది. "సామాన్లు కట్టుకుని టూర్ పోయేవాడికి డ్రాపర్ ఎందుకు, అది ఖాళీ సైకిల్ మీద గంతులేసే కుర్రాళ్ళకి" అంటారు చూడండి, అది పూర్తిగా తలకిందుల మాట. ఖాళీ సైకిల్ మీద నా ఒంటితోనే బరువు సర్దుకోగలను. వెనకా ముందూ కలిపి 10 కిలోలు కట్టాక సైకిల్ నా మాట సగమే వింటుంది, ముందు చక్రం గుంటలో దిగితే వెనకున్న బరువంతా నన్ను హ్యాండిల్ మీదకి తోస్తుంది. అప్పుడే సీటు అడ్డం లేకుండా పోవాలి, నేను కిందకీ వెనక్కీ జారాలి. డ్రాపర్ నిజంగా అక్కరకొచ్చేది బరువున్నప్పుడే.

ఇంకో సంగతి ఎవరూ రాయరు. ఘాట్ హెయిర్‌పిన్ మలుపు దగ్గర ఆర్టీసీ బస్సు హారన్ కొట్టుకుంటూ రోడ్డంతా తీసుకుని తిరుగుతుంది. మనం లోపలి అంచున, గోడకీ బస్సుకీ మధ్య ఆగిపోవాలి. సీటు ఎత్తులో ఉంటే ఒక కాలి మునివేళ్ళ మీద నిలబడి, సామాను బరువుకి సైకిల్ అటు ఒరుగుతుంటే చూస్తూ ఉండాలి. లివర్ నొక్కితే రెండు పాదాలూ పూర్తిగా నేల మీదుంటాయి. తైడ దగ్గర ఒకసారి బస్సు వెనక అద్దం నా హెల్మెట్‌కి జానెడు దూరంలో పోయింది, అప్పట్నుంచి డ్రాపర్ విలాసం అనేవాళ్ళతో వాదన కూడా పెట్టుకోను. తారు రోడ్డు మీదే గెలిచినవాళ్ళు ఉన్నారు మరి. ఇటలీలో 2022 మిలాన్-శాన్‌రెమో సైకిల్ రేసులో మతేయ్ మొహోరిచ్ రోడ్డు సైకిల్‌కి డ్రాపర్ పెట్టుకుని పోజియో కొండ దిగుడులో అందర్నీ వదిలేసి వెళ్ళిపోయాడు.

అలాగని ఆర్కే బీచ్ నుంచి భీమిలి దాకా తొక్కి ఇడ్లీ తినొచ్చేవాళ్ళకి ఇదేమీ అక్కర్లేదు. వాళ్ళు పెద్ద సంచి కట్టుకోండి, హాయిగా ఉండండి.

ఇక కొనడానికి ముందు కొలవడం. సైకిల్ని గోడకి ఆనించండి. సీటు పూర్తిగా లేపి, సీటు కమ్మీల వెనక చివర నుంచి సరిగ్గా కింద టైరు దాకా టేపు పెట్టండి. నేను 5 అడుగుల 6 అంగుళాలు, 29 అంగుళాల చక్రాలు, నాకు 21 సెంటీమీటర్లు వచ్చింది. నా డ్రాపర్ దిగేది 125 మిల్లీమీటర్లు, అంటే 12.5 సెంటీమీటర్లు. పోగా మిగిలేది ఎనిమిదిన్నర. నేను కొన్న సంచి నిండితే లోతు 17. ఎనిమిదిన్నరలో 17 పడుతుందా అని రెండో తరగతి పిల్లాణ్ణి అడిగినా చెప్తాడు, నేను మాత్రం ఘాట్‌లో తెలుసుకున్నాను.

మా గుంపులోనే ఆరడుగులు దాటినవాడు ఒకడున్నాడు. వాడి సైకిల్‌కీ 29 చక్రాలే, కానీ ఫ్రేము పెద్దది, సీటు ఎత్తు. వాడికి పైన 30 సెంటీమీటర్లు వచ్చింది, 15 దిగినా ఇంకా 15 మిగిలాయి. అదే సంచి వాడికి కాస్త రాసుకుంటుందంతే, నాకు చిరిగింది. సీటు సంచుల రివ్యూలు రాసేవాళ్ళలో చాలామంది ఆ ఎత్తు వాళ్ళే. ఆరడుగుల మనిషి "టైరు తగలనే లేదు" అని రాస్తే అది వాడి కాళ్ళ గురించిన సమాచారం, సంచి గురించి కాదు. రివ్యూలో సీటు నుంచి టైరుకి ఎంత దూరమో, డ్రాపర్ ఎంత దిగుతుందో రాయకపోతే ఆ రివ్యూ పక్కన పెట్టెయ్యండి.

వెనక షాక్ అబ్జార్బర్ ఉన్న సైకిలైతే లెక్క ఇంకా దారుణం, ఎందుకంటే అక్కడ సీటు కిందకి దిగడమే కాదు, చక్రం పైకి కూడా వస్తుంది. షాక్‌లో గాలంతా తీసేసి, సీటు దించి, దాని మీద కూర్చుని ఇంకొకరి చేత కొలిపించండి. చాలామందికి అప్పుడు సున్నా వస్తుంది. సున్నా వస్తే సీటు సంచి ఆలోచన అక్కడితో ఆపెయ్యడం మంచిది.

టైరు సంగతి తేలాక రెండో గొడవ గొట్టం. ఇది టైరంత చప్పుడు చెయ్యదు కాబట్టి ఎవరూ పట్టించుకోరు. మామూలు సీటు పోస్టు ఒట్టి గొట్టం, దాని చుట్టూ వెల్క్రో పట్టీ బిగించి ఎంత లాగినా ఏమీ కాదు. డ్రాపర్‌లో పైకి కనపడే నున్నటి గొట్టం మాత్రం లోపలికి జారే భాగం, కింద మెడ దగ్గర దుమ్ము తుడిచే రబ్బరు సీలు ఉంటుంది. దాని చుట్టూ పట్టీ కడితే మన దారుల్లోని ఎర్రదుమ్ము పట్టీ కింద చేరి గరుకు కాగితంలా పని చేస్తుంది. ఆ అరకు ట్రిప్పు తర్వాత సంచి విప్పితే గొట్టం చుట్టూ పట్టీ వెడల్పున నల్లటి ఉంగరం. పాత లుంగీ ముక్కతో తుడిస్తే మురికి పోయింది, ఉంగరం పోలేదు. టార్చిలైటు ఏటవాలుగా వేసి చూస్తే సన్నటి గీతలు, గోరుతో గీస్తే తగులుతున్నాయి. నెల తిరక్కుండా సీటు లేవడం నెమ్మదించింది, తర్వాత కూర్చుంటే వేలెడు కుంగడం మొదలైంది. విశాఖలో దాన్ని విప్పి బాగుచేసే చోటు నాకు దొరకలేదు, పార్సిల్ కట్టి బెంగళూరు పంపి ఆరు వారాలు ఎదురుచూశాను. పైగా మనది ఉప్పుగాలి. బీచ్ రోడ్డు మీద తిరిగొచ్చి తుడవకుండా పెడితే చైనుకే తుప్పు, ఇక ఆ సీలు ఎన్నాళ్ళు ఓర్చుకుంటుంది?

దీనికి మంచి ఉపాయం ఆలోచించినవాళ్ళున్నారు. అలాస్కాలో మొదలైన రెవెలేట్ డిజైన్స్ వాళ్ళు డ్రాపర్ల కోసమే వోల్ అని ఒక పొట్టి సీటు సంచి చేశారు. అది గొట్టాన్ని నేరుగా పట్టుకోదు, ఉల్ఫ్‌టూత్ వాళ్ళ వాలే 25 అనే చిన్న కాలరుని పట్టుకుంటుంది. ఆ కాలరు గొట్టం చుట్టూ బిగుస్తుంది, కదలదు, పట్టీ దాని మీదే ఉంటుంది కాబట్టి గొట్టం గీసుకోదు. ఇంకా తెలివైన సంగతేంటంటే, కాలరు ఎక్కడుంటే సీటు అక్కడిదాకే దిగుతుంది, కాలరు వెళ్ళి సీలు మెడకి ఆనగానే ఆగిపోతుంది. అంటే సంచి టైరుని తాకే లోపలే సీటుని ఆపే అడ్డుకర్ర అన్నమాట. పేరులోని 25 ఆ గొట్టం వ్యాసం, మిల్లీమీటర్లలో. కాబట్టి ముందు వెర్నియర్‌తో మీ గొట్టం కొలుచుకోండి, అంతకంటే లావుగా ఉన్నదానికి ఇది పట్టదు. నాది అదృష్టంకొద్దీ 25.

కాలరు తెప్పించుకున్నాను. సంచి తెప్పించుకోలేదు. కస్టమ్స్ సుంకం ఒక కారణం, మన ఎత్తుకి తగ్గట్టు ఎవడో చేసిపెడతాడన్న నమ్మకం పోవడం ఇంకో కారణం.

అల్లిపురంలో మోటార్‌సైకిల్ సీట్లు కుట్టే అతను ఉన్నాడు. చిరిగిన సంచీ సైకిలూ రెండూ తీసుకెళ్ళాను. లివర్ నొక్కి చూపించగానే పని ఆపేశాడు. "ఏటి బాబూ ఇది, సీటా లిఫ్టా?" అని తనే ఐదారుసార్లు నొక్కి, పక్క షాపు కుర్రాణ్ణి కూడా పిలిచి చూపించాడు. తర్వాత చిరిగిన సంచిని తిరగేసి, వేలితో కుట్టు వెంట పోతూ, "ఇది కుట్టినోడు సైకిల్ తొక్కినోడు కాదు" అన్నాడు. అడుగున సరిగ్గా టైరు మీదకొచ్చే చోట రెండు ముక్కలు కలిపిన కుట్టు ఉంది. "కుట్టు కిందుంటే నీరు తాగుతాది, టైరు తగిల్తే ముందు దారం తెగుతాది. అడుగు ఒకే ముక్క చేసి, కుట్లు పక్కలకి లేపేద్దాం." ఇంత మాట నేను చదివిన ఒక్క రివ్యూలోనూ కనపడలేదు.

నేనిచ్చిన లెక్క ఇది. 21లో సంచి లోతు 12, కింద 2 సెంటీమీటర్ల సందు, మిగిలింది 7. అంటే సీటు 7 సెంటీమీటర్లు దిగాలి, అక్కడ కాలరు ఆపాలి. గొట్టం పైనుంచి ఐదున్నర సెంటీమీటర్ల దగ్గర కాలరు అడుగు అంచు వచ్చేలా బిగించాను. సగం పైచిలుకు డ్రాపర్ దక్కింది. 7 సెంటీమీటర్లేనా అని పెదవి విరిచేవాళ్ళు ఒకసారి సీటు అంత దించి, కూర్చుని చూడండి. నాలుగు వేళ్ళ వెడల్పు, కానీ మెట్ట దిగేటప్పుడు దాని విలువ తొడలకి తెలుస్తుంది.

ఫిషింగ్ హార్బర్ వైపు పడవలకి వాడే మందపాటి టార్పాలిన్ తెచ్చాను, నవారు పట్టీలు, బకిల్స్ పూర్ణా మార్కెట్లో. సంచి వేలాడకుండా అడుగున గట్టి పలక కావాలి, దానికి అతనే ఖాళీ పెయింటు డబ్బా పక్కభాగం కోసి పెట్టాడు. డబ్బాకున్న వంపు అడుగుకి సరిపోయింది, సంచి నిండినా పొట్ట కిందకి జారలేదు. కుట్టుకూలీ 600, సామాను ఇంకో 550. సంచి పొడవు 30, వెడల్పు 14, లోతు 12 సెంటీమీటర్లు, అంటే 5 లీటర్లు. పాతది 14 లీటర్లు.

మొదటి రోజు హనుమంతవాక నుంచి అడవివరం మీదుగా సింహాచలం దాకా తొక్కి చూశాను. టైరు తగల్లేదు. కానీ నిలబడి తొక్కితే సంచి గుడి గంటలా ఊగింది. పట్టీలు కమ్మీల మీద జారుతున్నాయి, నవారు నున్నగా ఉంటుంది కదా. పాత ట్యూబు కోసి కమ్మీలకి రెండు చుట్లు చుట్టి, దాని మీద పట్టీ బిగిస్తే సగానికి సగం తగ్గింది. మిగతా సగం లోపలి సామాను వల్ల, అది తర్వాత తెలిసింది.

సీటు సంచిలో బరువైనది ఏదీ పెట్టకూడదు. పంపు, పానాలు, ట్యూబులు, నీళ్ళు, ఏవీ వద్దు. సీటుని పైకి లేపేది లోపలున్న గాలి ఒక్కటే, దాని మీద రెండు మూడు కిలోలు వేలాడదీస్తే ముసలాయన మంచం మీంచి లేచినట్టు లేస్తుంది. పైగా ఆ బరువు పక్కలకి ఊగినప్పుడల్లా జారే గొట్టాన్ని ఊగకుండా పట్టి ఉంచే లోపలి రింగులు (బుషింగులు) అరుగుతాయి. నా వరకు కిలో దాటనివ్వను. రెయిన్ కోటు, రాత్రి వేసుకునే టీషర్టు, పల్చటి స్వెట్టరు, ఒక లుంగీ. లుంగీ గురించి వేరే వ్యాసమే రాయాలి, అరకు చలిలో దుప్పటి, గెడ్డలో స్నానానికి తువ్వాలు, గొట్టం తుడవడానికి గుడ్డ, బట్టలు మార్చుకోవడానికి గది, ఇన్నీ 200 గ్రాముల్లో ఏ కంపెనీ ఇస్తుంది?

పోయిన 9 లీటర్లూ ఎక్కడికి వెళ్ళాయంటే, పానాలూ తిండీ ఫ్రేము మధ్య సంచిలోకి, పడుకునే సామాను హ్యాండిల్ ముందుకి, నీళ్ళ సీసాలు ముందు ఫోర్కు పక్కలకి. సైకిల్ ముందు కాస్త బరువెక్కింది, ఘాట్ ఎక్కేటప్పుడు ముందు చక్రం లేవడం తగ్గింది, అది నేననుకోని లాభం. కొన్ని వస్తువులు అసలు ఎక్కడికీ వెళ్ళలేదు, ఇంట్లోనే ఉండిపోయాయి, వాటి కోసం దారిలో ఒక్కసారి కూడా వెతకలేదు.

సీటు సంచి తప్పనిసరా అంటే కాదు. న్యూజిలాండ్ వాళ్ళ ఏరో స్పైడర్ ర్యాకు సీటు కింద నుంచి వెనక ఇరుసుకి దిగే ఫ్రేము కడ్డీలకే (సీట్‌స్టేలు) పట్టేస్తుంది, ఓల్డ్‌మ్యాన్ మౌంటెన్ వాళ్ళవి ఇరుసు మీద నిలబడతాయి. చక్రంతో పాటే కదులుతాయి కాబట్టి సీటు ఎంత దిగినా చాలావరకు వాటికి పట్టదు. వెనక షాక్ ఉన్నవాళ్ళకీ, 5 అడుగుల 3 అంగుళాల లోపు వాళ్ళకీ నేను సూటిగా అదే చెప్తాను, సీటు సంచి కోసం డబ్బు తగలెయ్యకండి. కాకపోతే సీటు పూర్తిగా దించి వెనక్కి జరిగినప్పుడు ర్యాకు మీది మూట ఎత్తుగా ఉంటే షార్ట్స్ దానికి తగులుకుంటాయి. మూట పల్చగా, పొడుగ్గా కట్టుకోవాలి. బాబాయ్‌కి ఇదంతా చెప్తే, "అంటే చివరికి నా క్యారియర్ దగ్గరికే వచ్చావన్నమాట" అన్నాడు. ఏం చెప్పను, ఇరవై ఏళ్ళ ముందే ఉన్నాడాయన.

ఫిబ్రవరిలో మళ్ళీ అదే కాఫీ తోటల దారికి వెళ్ళాను, కోటు చెయ్యి తెగిన చోటుకి. లివర్ నొక్కాను, సీటు 7 సెంటీమీటర్లు దిగి టక్కున ఆగింది, వెనక ఏ చప్పుడూ లేదు. కింద గెడ్డ దగ్గర ఆగి సంచి అడుగు చేత్తో తడిమాను. తడి, దుమ్ము, ఒక మూల మాత్రం నున్నగా మెరుస్తోంది, టైరు ఎక్కడో ఒకసారి ముద్దు పెట్టుకుంది. పెద్ద గుంటలో టైరు నొక్కుకుని, సంచి కిందకి కొట్టుకుని, ఆ 2 సెంటీమీటర్లూ అయిపోయినట్టున్నాయి. ఇప్పుడది మళ్ళీ అల్లిపురంలోనే ఉంది. లోతు ఒక సెంటీమీటరు తగ్గించమన్నాను. "తగ్గించడం కష్టం బాబూ, కొత్తది కుట్టేస్తే నయం" అని టేపు తీసుకుని తనే సీటు కింద వంగాడు.